సదానందం ఫోన్‌కు వచ్చిన సదువు

రాండ్రి, జర దగ్గరికి జరుగుండ్రి, చాయ్ గ్లాసులు చేతుల పట్టుకొనే జరుగుండ్రి. దేవుడు మనకు చెవులిచ్చింది ఇసొంటి ముచ్చట్లు వినెటందుకే.

శ్రీరాంపూర్‌ల బొగ్గుబాయి గేటు ఎదురుంగ హెప్సిబక్క చాయ్ హోటల్ ఉన్నది. బాయిలకు ఫోన్ తీస్కపోనియ్యరు. అందుకే షిఫ్టుకు దిగేటోళ్లు తమ ఫోన్లు అక్క అల్మారల పెట్టి పోతరు. బాయి దిగువన నీళ్లు తోడే పంపు నడిపే సదానందం గూడ అంతే. ఆయన సూపర్‌వైజర్ పరీక్షకు ఆన్‌లైన్ల సదువుతుండు. పాసైతే బురదనీళ్లల్ల నిలబడే పని తప్పుతది, మోకాళ్లకు సుఖమైతది. వచ్చే నెలనే పరీక్ష.

ఆ దినం షిఫ్టు ఒడిసినంక బెంచీ మీద కూసుండి షురూ చేసిండు.

"సగం మంది నడిమిట్లనే ఇడిసిపెట్టిండ్రు. నేనైతే ఒక్క క్లాసు తప్పలే. చూడుండ్రి, అన్నీ పచ్చ టిక్కులే!"

"శభాష్ బావా," అన్నడు మల్లేష్. గదే కోర్సుల చేరి, రెండు క్లాసులకే బందువెట్టిన తోటి పనోడు. "నేను ఒక్కన్ని ఫోన్ ముంగట కూసుంటె కండ్లు మూతలువడ్తయి. నీకు నిద్ర రాదా?"

"నిద్రలనే నాకు ఎక్కువ ఎక్కుతది! నేను గుర్రువెడితె మా ఇంటామెకు పాఠమే వినొస్తదట. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? తెల్లారి చూస్తె గోడ మీది బల్లి గూడ తలకాయ ఊపుతున్నది!"

"మరి బాయిలున్నప్పుడు?"

"అక్కడ ఫోన్ ఎందుకురా? సారు గొంతు ఫ్యాను గాలిల కలిసి దిగువకొస్తది. ఓ పారి సారు లెక్క అడిగిండు, నేను నోరు తెరిచేలోపు బొగ్గుపెళ్ల జవాబు చెప్పింది! 'కోర్సుల చేరింది నువ్వా నేనా' అని గుస్సచేసిన. గా పాఠం విన్న నీళ్లే పంపుల పైకివోయి గోదారిల కలిసినయి. ధర్మపురి నర్సింహస్వామి సాక్షి, అక్కడ తానం చేసెటోళ్లు మునిగి లేసి గనుల చట్టం ఒప్పజెప్పవట్టిండ్రు!"

"ధర్మపురి మనకు ఎగువన గదనే?"

"గోదారి ఎనుకకు మళ్లిందిరా! పాఠం అట్లున్నది మరి!"

హెప్సిబక్క చాయ్ వడవోసుకుంటనే అన్నది: "తమ్మీ, నీ క్లాసు షురూ చేసి ఫోన్ నా అల్మారల పెట్టి పోతవు గదా. షిఫ్టంత గదే ఒక్కతి వాగుకుంట ఉంటది. టిక్కులన్నీ దానియే. వచ్చే నెల పరీక్షకు దాన్నే తోలు, అంగీ నేను కుట్టిస్త."

నవ్వంటె నవ్వు కాదు. మల్లేష్ ముక్కులకెళ్లి చాయ్ వచ్చింది. సదానందం గూడ నవ్విండు. నవ్వుకుంటనే బెంచీ కింద మోకాలు రాసుకున్నడు. అది అక్క కండ్లవడ్డది.

ఆమె మళ్ల ఒక్క మాట ఎత్తిపొడువలే. ఫోన్‌ను చక్కెర డబ్బాకు ఆనిచ్చి నిలబెట్టింది. స్టూలు గుంజుకొని ఇద్దరి నడుమ కూసున్నది. "ప్రభువు పేరు చెప్పుకొని మొదటి క్లాసు పెట్టు. మల్లేషూ, నువ్వు గూడ జరుగు. కునికినోని నెత్తి మీద నీళ్లు వోస్త."

అప్పటిసంది షిఫ్టు ఒడువంగనే ముగ్గురు అక్కడనే. దేవుని దయ, ఇద్దరు పాసైండ్రు. ప్రశ్నపత్రం తనకు లేసి దండం పెట్టిందని సదానందం ఇప్పటికీ చెప్తనే ఉంటడు.

ఆ దండం సంగతి మరిచిపోండ్రి. కానీ హెప్సిబక్క స్టూలు గుంజుకొని పక్కన కూసున్నది సూడుండ్రి, గదొక్కటి యాదివెట్టుకోండ్రి. ఇంటికివోయి పదిమందికి చెప్పుండ్రి.