తొమ్మిది ప్రశ్నపత్రాలు

సికింద్రాబాద్‌లోని ఒక సేవాసంస్థలో ప్రోగ్రామర్ ఉద్యోగానికి పరీక్ష ముగిసింది. పరీక్షకు వచ్చినవాళ్లలో ఒకామె తాను రాసిన ప్రోగ్రాం ఉన్న ఫ్లాపీని డైరెక్టరుకు ఇవ్వకుండా చేతిలోనే పట్టుకుంది.

“ఇయ్యమ్మా. బస్తీ దవాఖానాలకు సాఫ్ట్‌వేర్ జల్ది కావాలె.”

“ఇది పరీక్షన్నారు కదండీ.”

“పరీక్షే.”

“బయట తొమ్మిదిమందిమీ ప్రశ్నపత్రాలు పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. నాకు పేషెంట్ల నమోదు, పక్కావిడకు మందుల స్టాకు, ఇంకొకాయనకు టీకాల పట్టిక. ఏ ఇద్దరికీ ఒకే ప్రశ్న లేదు. అన్నీ కలిపితే మీ సాఫ్ట్‌వేరే.”

“పేదోళ్ల పని. సేవ అనుకో. ఉద్యోగం లేనోళ్లకు గింత పొగరు పనికిరాదు.”

“సేవకని పిలిస్తే ఆదివారాలు వచ్చి చేసేదాన్ని. మీరు ఉద్యోగమని పిలిచారు.”

ఆయన గొంతు తగ్గించాడు.

“తెలివైనదానివి. ఉద్యోగం నీకే ఇస్తా. బయటోళ్లకు చెప్పకు.”

“ఏం ఉద్యోగం?”

“వచ్చే బ్యాచ్‌కు ప్రశ్నలు తయారుజేసుడు.”

ఆమె లేచి తలుపు బార్లా తెరిచింది. బయట బెంచీల మీద ఎనిమిది తలలూ ఇటు తిరిగాయి.

“ఆ ఉద్యోగమేంటో ఇంకోసారి చెప్పండి సార్. వీళ్లు కూడా వింటారు.”