కిరాయి గౌను

ఆబిడ్స్‌లో ఒక ఫోటో స్టూడియో. అద్దం ముందు నిలబడ్డ కూతురికి తండ్రి నల్లటి కాన్వొకేషన్ గౌను సర్దుతున్నాడు. ఫోటోగ్రాఫర్ అవతల లైట్లు వేసుకుంటున్నాడు.

"చేతులు పొడుగైనయ్ డాడీ."

"కిరాయి గౌను గట్లనే ఉంటది. ఫోటోల కనబడదులే."

"రెండో ఏడాదిలనే కాలేజీ బంద్ చేసినదానికి గౌనెందుకు?"

"జర మెల్లగ మాట్లాడు. ఆయన వింటడు."

"వింటే ఏమైతది? డిగ్రీ లేదని మా ఆఫీసుల అందరికీ తెలుసు. ఇంటర్వ్యూల నేనే చెప్పిన. నేను రాసిన కోడ్ చూసిన్రు, ఉద్యోగం ఇచ్చిన్రు."

"మీ ఆఫీసు వేరు బిడ్డా, కాచిగూడల నా ట్యూషన్ వేరు. డిగ్రీ లేకుంటే బతుకు లేదని రోజూ పిల్లలకు చెప్తున్న. వాళ్ల అమ్మానాన్నలొచ్చి, సార్, మీ అమ్మాయి ఏం చదివిందని అడుగుతరు."

"ఏం చెప్తవ్?"

"బీటెక్ అయిందని చెప్పిన. ఈ ఫోటో ట్యూషన్ గదిల తగిలిస్తే ఇంకెవ్వరు అడగరు."

"సాఫ్ట్‌వేర్ల పని చేస్తుందని చెప్తే సరిపోదా?"

"డిగ్రీ లేకుండనే చేస్తుందంటే, మరి మా పిల్లలకు మీ ట్యూషన్ ఎందుకు సార్ అంటరు."

తండ్రి టోపీ తీసి ఆమె చేతికిచ్చాడు.

"టోపీ పెట్టుకో. కొంచెం నవ్వు."

"సరే. నువ్వు గూడ పక్కన నిలబడు డాడీ. అందరు అమ్మానాన్నలతోనే దిగుతరు."

"నేనొద్దులే."

"ఎందుకొద్దు?"

"రోజూ ఆ ఫోటో కింద కూసొని పాఠం చెప్పాలె. దాంట్ల నా మొఖం గూడ ఉంటే సిగ్గయితది బిడ్డా."

"మరి నా మొఖం?"