జాగ్రత్తగారి మూత

ఏంటే ఆ నవ్వు? మూత అన్నాననా? నవ్వు, నవ్వు. ఈ షెడ్డులోకి కొత్తగా వచ్చినవాళ్ళంతా మొదట్లో నవ్వినవాళ్ళే. "ఏంటండీ, సిలిండర్ హెడ్డుని పట్టుకుని మూత అంటారు, ఇదేమన్నా గిన్నెనా?" అని. తర్వాత వాళ్ళూ మూతే అన్నారు. మీ పెదతాత ముందు ఇంకో మాట అనడానికి ఎవరికీ నోరొచ్చేది కాదు. తిట్టేవారా అంటే తిట్టేవారు కాదు, ఆయనకి తిట్టడమన్నా భయమే. ఆ మాట వినపడగానే ముఖం పాలిపోయేది, చేతిలో ఉన్నది ఎక్కడిదక్కడ పెట్టేసి బయటికి వెళ్ళిపోయేవారు. అది చూశాక ఇంకెవడంటాడు? మీ నాన్న బళ్ళో చదివేటప్పుడు ఒకసారి వచ్చి, "పెదనాన్నా, మూత మాస్టారు నిన్ను రమ్మన్నారు" అన్నాడు. హెడ్‌మాస్టారు అనకూడదు కదా, పాపం. నేను నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయాను. ఆయన నవ్వలేదు. "ఎందుకు రమ్మన్నారు, ఏమైంది, ఎవరికైనా దెబ్బ తగిలిందా?" అంటూ చొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండా బయల్దేరారు. కూర్చో. ఆ స్టూలు వద్దు, దాని కాలు ఊగుతుంది. ఇటు, కుడిచెవి వైపు కూర్చో. ఎడమచెవిని ఎప్పుడో ఇంజన్లు తినేశాయి.

నేను కాపరానికి వచ్చేనాటికే మా బావగారిని, అంటే మీ తాతయ్యకి సొంత అన్నయ్యని, అందరూ జాగ్రత్తగారు అనేవాళ్ళు. ముఖాన కాదులే, వెనకాల. పొయ్యి ఆర్పామా లేదా అని వీధి చివరిదాకా వెళ్ళినవారు వెనక్కి వచ్చేవారు. తాళం వేసి, లాగి చూసి, నాలుగడుగులు వేసి, మళ్ళీ వచ్చి లాగేవారు. టీ వేడిగా తాగితే గొంతు కాలుతుందని చల్లారేదాకా ఊదుతూ కూర్చునేవారు, చల్లారాక ఇది కడుపులో ఏం చేస్తుందో అని ఇంకో భయం. పెళ్ళెందుకు చేసుకోలేదు బావగారూ అని ఒకసారి అడిగేశాను, నా నోరు ఊరుకోదుగా. "వచ్చినమ్మాయికి ఏమైనా అయితే?" అన్నారు. ఏమవుతుందండీ అంటే, "ఏమో, ఏదైనా" అన్నారు. అలాంటి మనిషి చేసే పనేంటయ్యా అంటే, పందెం కార్లకి ఇంజన్లు! చెబితే ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. కంపెనీ ఇంజను విప్పి, దాని ఊపిరి పెంచి, రెట్టింపు బలం పుట్టించి పందేలవాళ్ళకి ఇచ్చేవారు. ఇచ్చాక ఆ పందెం అయ్యేదాకా మంచినీళ్ళు ముట్టేవారు కాదు. మీ తాతయ్యేమో పూర్తిగా ఎదురు. నూతిలో దూకమంటే ఎంత లోతని కూడా అడగని మనిషి. అన్న చేసిన ఇంజన్ని తమ్ముడు నడిపి చూడాలి, అదీ వాళ్ళ పద్ధతి. పైగా ఆటపట్టించేవాడు, "అన్నయ్యా, నీ భయమంతా ఇంజన్లో పెట్టి బిగించావు, అందుకే అది అలా పారిపోతోంది" అని. నాకూ నవ్వొచ్చేది. అప్పుడు వచ్చేదిలే.

ఏం చెబుతున్నాను? ఆ, హెడ్డు. చూశావా, ఈ వయసులో కూడా ఆ మాట అనేముందు అటూ ఇటూ చూసుకుంటాను. కింద బ్లాకు, అందులో పిస్టన్లు ఆడతాయి. దాని నెత్తిన హెడ్డు. మంట పుట్టేది ఆ రెండింటి మధ్య. నీకెందుకు చెబుతున్నానే, నువ్వే నాకు చెప్పగలవు ఇప్పుడు. కంపెనీవాళ్ళది మామూలు కారుకి సరిపోతుంది. బలం పెంచితే మాత్రం ఆ వేడికి తట్టుకోలేక పగిలేది. ఎవరో ఒకరు తెచ్చి బల్లమీద పడేసేవాళ్ళు, "జాగ్రత్తగారూ, మళ్ళీ హెడ్డు పగిలింది" అని. వానొచ్చింది అన్నంత మామూలుగా అనేవాళ్ళు ఆ మాట. ఆ విసుగుతోనే బావగారు, మన బ్లాకు, మన హెడ్డు మనమే పోత పోసుకుందాం అన్నారు. గోడలు దళసరిగా, గాలి దారులు వెడల్పుగా. చెక్కతో నమూనా, ఇసుకలో అచ్చు, అందులో కరిగిన అల్యూమినియం. లోపల నీళ్ళు తిరిగే ఖాళీలుంటాయి చూడు, వాటికోసం ఇసుకతో ముద్దలు కట్టి అచ్చు మధ్యలో నిలబెట్టాలి. ఆ ముద్దలు కట్టింది నేనే. నా చెయ్యి వణకదని నాకిచ్చారు. ఇచ్చి, నా పక్కనే నిలబడి ప్రాణం తీసేవారు. "అమ్మాయ్, ఇది వెంట్రుకవాసి జరిగినా ఒకవైపు గోడ పలచబడుతుంది. పలచబడితే పగులుతుంది. పగిలితే నీళ్ళు కారి చక్రాల కిందికొస్తాయి. ఆ వేగంలో చక్రం తడిసిందంటే ఇక..." అని ఆపేసేవారు. ఆపకుండా చెప్పేసినా బాగుండేది. అలా ఆపి ఆపి ఆ భయం నాకూ అంటించారు. అన్నం తింటుంటే చేతిలో ముద్ద చూసి ఇసుకముద్ద గుర్తొచ్చేది.

మొదట పోసినవన్నీ పాడయ్యాయి. ఒకదాంట్లో బుడగలు, ఒకదాంట్లో ముద్ద విరిగింది. తర్వాత కుదిరింది. కుదిరినదాన్ని పరీక్ష గదిలో బిగించి నడిపారు. ఆ చప్పుడు నువ్వు విననేలేదులే, ఇప్పుడు మీకు చెవులకి మూతలూ, అద్దాలూ, అన్నీ ఉన్నాయి. గోడమీద సున్నం రాలేది. పొగగొట్టం ఎర్రగా కాగిపోయేది. అందరూ గోడ వెనక్కి పోతే, ఈ పిరికాయన మాత్రం లోపలే, ఇంజను పక్కనే! బయటికి రండి బావగారూ అని నేను మొత్తుకుంటే, "పగిలితే ముందు నాకే తగలాలి కదమ్మా" అనేవారు. అది పగల్లేదు. ఎన్నిసార్లు నడిపినా పగల్లేదు. కావాలన్నవాళ్ళు గుమ్మం ముందు నిలబడ్డారు. ఇనప అచ్చులు చేయించి, వరసగా పోతలు పోసి అమ్మడమే మిగిలింది. ఆయన కదిలితేనా? "ఇంకొక్కసారి చూద్దాం" అంటారు. నమూనాలు చేసే వడ్రంగికి ఒళ్ళు మండి, "ఏమండీ, మీరు చూస్తూ కూర్చోండి, నేను పోయాక మా అబ్బాయి వస్తాడు" అనేసి వెళ్ళిపోయాడు. చివరికి మీ తాతయ్య అన్నాడు, "దీన్ని నా కార్లో పెట్టు. పందెంలో తిప్పుకుని వస్తాను. తిరిగొచ్చానంటే అచ్చులు చేయించు." బావగారు సరే అనలేదు. వద్దనీ అనలేదు. పొద్దున్నే కారెక్కుతుంటే తలుపు దగ్గరికి వెళ్ళి, "జాగ్రత్త" అన్నారు. మీ తాతయ్య నావైపు చూసి కన్నుకొట్టాడు.

ఆ మధ్యాహ్నం నేను ముద్దలు కడుతున్నాను, చేతులనిండా ఇసుక. ఫోను మోగింది. బావగారు ఎత్తారు. అవతలి మాట నాకు వినపడదు, ఈయన మాటే వినపడుతోంది. "ఆ, చెప్పండి. ఏంటీ? హెడ్డు పగిలిందా?" అన్నారు. నా గుండె జారింది, నిజమే, కానీ అది వేరే జారడం. ఇన్నాళ్ళ చాకిరీ మట్టిలో కలిసింది కదా అని. పోతే పోయిందిలే, ఇంకోటి పోద్దాం, మనిషి ఇంటికొస్తే చాలు అనుకున్నాను కూడా. ఈయన కాగితం దగ్గరికి లాక్కుని, పెన్సిలు తీసి, "ఏ వైపు?" అని అడిగారు. "ఎడమవైపా? పైనా, కిందా?" అన్నారు. ఓపిగ్గా అడుగుతున్నారే తల్లీ, ఎప్పటిలాగే. "నీళ్ళు కారాయా?" అన్నారు. పెన్సిలు అలాగే పట్టుకుని ఉన్నారు. ఏమైందండీ అన్నాను. బావగారూ, ఏమైందండీ అని అరిచాను. నావైపు తిరిగి, "నీళ్ళు కాదటమ్మా" అన్నారు. పగిలింది మనిషి తల అని నాకు అర్థం కావడానికి ఎంతసేపు పట్టిందో నాకే తెలీదు.

అందుకే మూత. ఇంకెప్పుడూ నవ్వకు. సరేలే, నవ్వుకో, నీకేం తెలుసు.

అన్నీ అయిపోయాక కారుని తెచ్చి షెడ్డులో దింపారు, దానిమీద పట్టా కప్పి. మలుపు దగ్గర జారి గోడకి గుద్దుకుందట. రోడ్డంతా తడి అన్నారు. కానీ గుద్దుకున్నాక నీళ్ళుండే రేడియేటరు ఎటూ పగిలింది, తడి అందువల్లా, లేక ముందే మన హెడ్డు పగిలి నీళ్ళు కారి అందువల్ల జారిందా? ముందు ఏది? చూసినవాడు లేడు. ఇల్లంతా అదే ప్రశ్న, పైకి మాత్రం ఎవరూ అనరు. పగిలుంటే అది ఆయన గీసిన గీత తప్పయినా కావాలి, నేను నిలబెట్టిన ఇసుకముద్ద జరిగైనా ఉండాలి. ఒక ఇంట్లో తిరుగుతూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళం చూసుకోలేకపోయాం. చివరికి నేనే అన్నాను, విప్పండి, నా ఎదురుగా విప్పండి, తేలిపోవాలి అని. విప్పారు. హెడ్డు తీసి, కడిగి, బల్లమీద పెట్టి, ఎర్రరంగు పూశారు. తెలుసుగా నీకు, పగులుంటే ఆ రంగు లోపలికి ఇంకి దాక్కుంటుంది. పైన తుడిచేసి తెల్లపొడి చల్లితే, దాక్కున్న ఎరుపు నెమ్మదిగా పైకి ఊరుతుంది. తెల్లటిదానిమీద ఎర్ర గీత. పొడి చల్లడందాకా చల్లారు. చల్లి, గోడవైపు తిరిగిపోయారు. "నేను చూడలేనమ్మా. నువ్వు చూడు. గీత కనపడితే చెప్పు" అన్నారు. నేను చూశాను. కన్నార్పితే అప్పుడే వచ్చేస్తుందేమోనని ఆర్పకుండా చూశాను. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. రాలేదే. ఎక్కడా రాలేదు. పాలలా తెల్లగా ఉండిపోయింది. లేదు బావగారూ అన్నాను. "సరిగ్గా చూశావా?" చూశాను. "తుడిచెయ్" అన్నారు. ఆయన ఇటు తిరగకుండానే తుడిచేశాను. మర్నాడు, అది నా కంటపడకూడదని, దాన్ని కొలిమిలో వేసి కరిగించేశారు.

అదీ, అదే జరిగింది. తనే తిరిగి చూసుంటే అయిపోయేది. బ్లాకు చూశారు, మళ్ళీ మళ్ళీ చూశారు, దానికేం లేదు. చూడనిది ఆ మూత ఒక్కటే. దాన్ని కరిగించేశారు, ఇక ఎవరు చూపిస్తారు? అచ్చులు చేయించారు, వడ్రంగిని బతిమాలి వెనక్కి పిలిపించాం, వరసగా పోతలు పోశాం. తమ్ముడి మాట కదా, చేయించక చస్తారా. మన బ్లాకులు, మన మూతలు ఎక్కడెక్కడికో వెళ్ళాయి. ప్రతిదానికీ తనే రంగు పూసి, తనే పొడి చల్లి, ముక్కు ఆనించి మరీ చూసేవారు. ఫోను మోగితే మాత్రం ఎత్తేది నేనే. మోగినంతసేపూ గోడకి ఆనుకుని నిలబడి నా ముఖం చూసేవారు. నేను ఎవరితోనైనా కాస్త మెల్లగా మాట్లాడానంటే చాలు, చెమటలు పట్టేవి. ఒక్కటి పగల్లేదే. ఎక్కడా, ఎవరిదీ. అయినా ఏదో ఒక రోజు నేను వంటచేస్తుంటే గుమ్మంలో నిలబడేవారు. "అమ్మాయ్, నిజం చెప్పు. ఆవేళ గీత కనపడింది కదూ?" అని. లేదండీ బాబూ! "నా మొహం చూసి దాచావు కదూ?" ఎన్ని ఒట్లు పెట్టానో. పిల్లాడిమీద ఒట్టు పెట్టబోతే నోరు మూసేశారు, వాడికేమైనా అవుతుందని. ఒళ్ళుమండి, నా కళ్ళమీద నమ్మకం లేదా మీకు అని గరిటె విసిరేశాను ఒకసారి. వంగి ఆ గరిటె తీసి, కడిగి, పొయ్యి పక్కన పెట్టి, "కళ్ళమీద ఉందమ్మా. నీ మనసుమీదే లేదు. నువ్వు మంచిదానివి" అన్నారు. మంచిదాన్ని కాదు, అబద్ధాలకోరుని, రాక్షసిని అని అరిచాను. అరిచి ఏం లాభం?

మంచం పట్టాక మాట బాగా తగ్గిపోయింది. గీత సంగతి అడగడం మానేశారు, హమ్మయ్య అనుకున్నాను. ఒక మధ్యాహ్నం చెంచాతో నీళ్ళు పోస్తుంటే నా మణికట్టు పట్టుకున్నారు. "క్షమించానని ఒక్కమాట అను" అన్నారు. దేనికండీ, ఏం చేశారని అన్నాను. "అనమ్మా. విని పడుకుంటాను" అన్నారు. ఎప్పటిలాగే దెబ్బలాడేదాన్నే. కానీ ఆ చెయ్యి చూస్తే ఎముకలు తప్ప ఏమీ లేదు. ఈ ఒక్కమాటకే నిద్రపడుతుందంటే పోయేదేముంది అనుకున్నాను. క్షమించాను బావగారూ, హాయిగా పడుకోండి అన్నాను.

కళ్ళు తెరిచారు. అంత పెద్దవిగా నేనెప్పుడూ చూడలేదు. "అయితే గీత ఉందన్నమాట" అన్నారు.

లేదు, లేదు, ఊరికే అన్నాను, మీరు అడిగారని అన్నాను అని భుజాలు పట్టుకుని ఊపేశాను. నా చేతులు తోసేసుకున్నారు. నన్ను చూసి భయపడ్డారే. అన్నేళ్ళూ అన్నిటికీ భయపడ్డారు గానీ నాకెప్పుడూ భయపడలేదు. గోడవైపు తిరిగిపోయారు. ఇక ఇటు తిరగలేదు.

తెల్లగా ఉందే తల్లీ. నేను చూశాను. ఒక్క గీత లేదు.

ఏంటే అలా చూస్తావు? నువ్వూనా? సరే, లే. చీకటి పడింది, ఆ లైటు వెయ్యి.