ముత్తేలు కల్లు సామాను

ముత్తేలని ఒకామి ఉండేదంట. మా ఊరే, గెడ్డ అవతల వీధిలో ఆఖరి ఇల్లు. సన్నంగా, పొట్టిగా ఉండేది, కానీ మాట మాత్రం పడేది కాదంట. పెళ్లయిన నాలుగో ఏడే మొగుడు గాసన్న సలిజొరం వొచ్చి పోయాడు. సంకలో ఒక ఆడగుంట. ఆ గుంటే మా యమ్మ, అందుకని ఈ కత ఎవలికన్నా నాకే బాగా తెలుసు, మద్దిలో అలగ కాదు ఇలగ అని అడ్డు రాకండి. సరే, ఏటయిందంటే, మొగుడు పోయి నెల తిరిగిందో నేదో, ఈమి బావ పోతన్న, గాసన్నకి అన్న, గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడంట. నిలబడి, ఒలే ముత్తేలూ, ఒక్క ఆడదానివి, నీకు వేరే పొయ్యేటి, వేరే ఇల్లేటి, మా ఇంటికొచ్చీ, అంబలో గంజో మాతో పాటు తాగుదువుగాని, తమ్ముడి పోడు సెక్క నాను సూసుకుంటాను అన్నాడంట. సూసారా, ఎంత దయో! ఆ పోడు సెక్క మీన సోళ్ళు, అదే రాగులు, ఎలగ పండుతాయో ఊరందరికీ తెలుసు. ముత్తేలు పిల్లని ఇటు సంకలోంచి అటు సంకలోకి మార్సుకుని, నా ఇల్లు నాకుంది బావా, నువ్వు ఎండలో నిలబడకు, ఎల్లు అందంట.

అనీసింది గాని, ఊరుకోవడానికి నేదు కదా. మా ఊళ్లో ఇళ్లు ఎలగ లెక్కడతారో మీకు తెలుసు, పై ఊరి నుంచి వొచ్చినోళ్ళ కోసం సెప్తాను. సోళ్ళ కోతలయ్యాక కొత్తల పండగ నాడు ఇంటికొక సోడికల్లు కుండ తెచ్చి మా కొండ అమ్మోరు జాకరమ్మ ముందు వరసగా పెట్టాల. దిసారి, అంటే మాకు పూజలు సేసీ పెద్ద, ఒక్కో కుండలోనూ ముంచి అమ్మకి పోసి, ఆ ఇంటి పేరు గట్టిగా సెప్పి, దోసెడు విత్తనం ఇత్తాడు. ఆ విత్తనం అందినోళ్ళదే ఆ ఏడు పోడు. కుండ పెట్టనోళ్ళకి పేరు నేదు, పేరు నేనోళ్ళకి విత్తనం నేదు, అంతే. ముత్తేలు ఏం సేసిందంటే, తిన్నగా దిసారి తాత కాడికెల్లి, తాతా, ఆడది కుండ పెట్టొచ్చా అని అడిగీసిందంట. ఆ ముసిలాయన ఆకు సుట్ట పక్కన పెట్టి, జాకరమ్మ ఆడదే కదమ్మా, ఎందుకు పెట్టకూడదు, పెట్టు, కానీ సామానంతా నీదే అవ్వాల, అరువు కుండలో కాసిన కల్లు అరువిచ్చినోడి ఇంటిదే అవుతాది, అది మాత్రం మర్సిపోకు అన్నాడంట.

ఇప్పుడు సూడండి దాని కష్టం. అన్నదమ్ములిద్దరూ కలిసున్నప్పుడు కల్లు కాసీ సామానంతా పోతన్న ఇంట్లోనే ఉండేది. తిరగలి ఆడే, గోలెం ఆడే, కల్లు ముంచీ ఆనపబుర్ర ఆడే. ఈమి కాడ ఉన్నవేటంటే అంబలి కాసుకునే మట్టిదాక ఒకటి, గాసన్న కప్పుకునే గొంగడి ఒకటి. సోళ్ళు మాత్రం ఉన్నాయి, ఆఖరు పంట, మొగుడూ పెళ్లామూ కలిసి కోసినవి. సంతలో కొత్త సామాను కొనాలంటే ఆ సోళ్ళే అమ్ముకోవాల, సోళ్ళు అమ్మేస్తే మరి కల్లు దేంతో కాత్తాది? అలగుంది దాని పని. ఇంకొకతయితే బావ కాళ్ళ మీన పడిపోయీది. మా అమ్మమ్మ అలగ పడీ రకం కాదు.

ముందు తిరగలి కావాల కదా. ఊరి సివర సిలకమ్మని ఒక ముసిల్దుండేది. దాని వాకిట్లో తిరగలి కింద రాయి ఒకటి బోర్లేసి, దాని మీన బట్టలుతుక్కునేదంట. ముత్తేలు ఆ ముసిల్దాని పోడులో మూడు రోజులు కలుపు తీసి, కూలికి బదులు నాకు ఆ రాయి ఇచ్చీ అత్తా అందంట. ముసిల్ది, రాయేటే పిల్లా, సోళ్ళడుగు, కందులడుగు అంటే, కాదత్తా, రాయే కావాల, మరి నా సొంతం అని నలుగురి ముందూ సెప్పు అందంట. సెప్పించుకుని, నెత్తి మీన పెట్టుకుని తెచ్చీసింది. మీద రాయి గెడ్డ కాడ దొరికింది. ఎవలో పారేసింది, అంచు ఇరిగిపోయింది, నీళ్ళలో పడుంది. దాన్ని ఎత్తుకొచ్చి దీని మీన పెడితే ఏటుంది, మీద రాయి పెద్దది, కింద రాయి సిన్నది, పెళ్లికొడుక్కి పెళ్లికూతురు సరిపోనట్టు. ఏం సేసిందనుకున్నారు? రెండిటి మద్దినా గెడ్డ ఇసక పోసి, పిల్లని ఈపుకి కట్టుకుని, తిప్పిందీ తిప్పిందీ, ఎనిమిది రోజులు తిప్పిందంట. ఇసక పిండయిపోయింది, రాయి రాయీ ఒకదానికొకటి కుదిరిపోయాయి. ఆ తిరగలి ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, ఎవలికన్నా అనుమానముంటే రేపొచ్చి తిప్పి సూసుకోండి.

తరవాత గోలెం. కొండసీపుర్లు కోసి, కట్టలు కట్టి, మోపు నెత్తినెట్టుకుని కింద సంతకెల్లింది. కుమ్మరాయన కాడ ఒక పెద్ద కుండ ఎవలూ కొనక పక్కన పడుందంట, మూతి వంకర. ముత్తేలు దాన్ని ఏలితో కొట్టి సూసింది, ఖంగుమంది. బాబూ, ఈ సీపురు మోపు తీసుకుని ఆ వంకరమూతిది ఇచ్చీ అందంట. ఆయన మంచోడు, దానికి మూత సరిగ్గా పట్టదమ్మా, మంచిది తీసుకో, ఇంకో మోపు తెచ్చివ్వు అన్నాడంట. ఈమి నవ్వి, కల్లుకి మూతెందుకు బాబూ, అడ్డాకు వంచి కట్టీనంటే వంకరైనా ఒకటే, తిన్ననైనా ఒకటే అని ఎత్తుకొచ్చీసింది. బుర్రకి దారి నేకపోతే ఇంటి మీనకి ఆనపతీగ ఎక్కించింది, కాయ ముదిరాక కోసి ఎండబెట్టింది. మందు యేరు, అదే, కల్లు పొంగించీ యేరు, కొండెక్కి తనే తవ్వుకొచ్చింది. ఇలగ ఒక్కటొక్కటీ కూడబెడుతుంటే ఊళ్లో ఆడోళ్ళు సూసి నవ్వినోళ్ళు నవ్వారు, ముక్కు మీన ఏలేసుకున్నోళ్ళు ఏలేసుకున్నారు.

అందులో ఎక్కువ నవ్వింది ఎవలో సెప్పనా? తోడికోడలు సన్నాసమ్మ, పోతన్న పెళ్లాం. ఒకనాడు గెడ్డ కాడ పదిమంది ఆడోళ్ళుండగా ఒక కుండ పట్టుకొచ్చి, ఒలే ముత్తేలూ, సామాను కావాలని ఊరంతా తిరుగుతున్నావంట, ఇదిగో, నీకే ఇచ్చీసాను, తీసుకో అందంట. ముత్తేలు తీసుకుని నీళ్ళలో ముంచి ఎత్తితే, అడుగున బొటనేలు దూరీ కన్నం, జర్రుమని నీళ్ళు కాళ్ళ మీన పడ్డాయి. ఆడోళ్ళందరూ పకపకమన్నారు. మా అమ్మమ్మ మొకం ఎర్రగయిపోయిందంట, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయంట, ఎందుకు తిరగవు? కానీ కుండ మాత్రం ఇసిరీనేదు. ఇచ్చావు కదప్పా, సల్లగుండు అనీసి నడుం మీనెట్టుకుని ఇంటికొచ్చీసింది. వొచ్చి ఆ కన్నం కేసి సూసిందీ సూసింది. మన ఊళ్లో అప్పుడు కల్లు ఒడకట్టడం నేదు, తెలుసా? పొట్టుతోటే తాగీవోరు, తాగినాక పళ్ళ సందులోంచి పొట్టు ఊసుకునీవోరు. ఈమికి ఏం తోసిందో, కన్నం మీన సిన్న పుల్లలు అడ్డంగా పేర్సింది, వాటి మీన కడిగిన వరిగడ్డి దట్టంగా పరిసింది.

ఇంక కల్లు కాసింది అనుకోండి. సోళ్ళు నానబోసి, బుట్టలో అడ్డాకులేసి మొలక కట్టి, ఎండబెట్టి, తన తిరగలి మీన తనే ఇసిరింది. ఆ మొలక పిండి మీన ఏన్నీళ్ళు పోసి కలిపింది. మరీ మరిగినవి కాదు, ఏలు పెట్టి తీసీలాగ ఉండాల. సలికాలం కదా, బేగి సల్లారిపోతాది. మరి దేంతో కప్పుతాది? గాసన్న గొంగడి తీసింది. మొగుడు పోయినకాడి నుంచి దాన్ని ఎవల్నీ ముట్టుకోనివ్వనేదు, తనూ కప్పుకోనేదు. ఆ గొంగడి తెచ్చి దాక సుట్టూ సుట్టి, పిల్లని సుట్టినట్టు సుట్టి, పక్కనే కూకుందంట. పొద్దు తిరిగాక ఇప్పి ఏలితో నాకి సూత్తే తేనలాగ తియ్యగుంది. అది తీసి ఓటికుండలో గడ్డి మీన పోసింది. పొట్టు పైనాగిపోయింది, కన్నంలోంచి సన్నగా, ఎర్రగా, తేటగా వంకరమూతి గోలెంలోకి దిగింది. దాంట్లో మందు యేరు నూరి ఏసి, ఆకు కట్టీసింది. మూడో నాటికి సెవి పెడితే లోపల సుయ్ సుయ్యని సెప్పుకుంటోందంట.

పండగొచ్చింది. జాకరమ్మ ముందు ముప్పై కుండలు పెట్టారు, పోతన్నది ముప్పై ఒకటోది. దాని పక్కన మా అమ్మమ్మ తన వంకరమూతి కుండ తెచ్చి పెట్టింది. ముందు అన్ని కుండల కాడా ఊరోళ్ళు తాగుతారు, తరవాత దిసారి పేర్లు సెప్తాడు, అదీ మా వరస. ఎవలో ఒకలు ముత్తేలు కల్లు తాగారు. తాగి, ఇదేటి, పొట్టు తగలదే అన్నారు. ఇంకొకలొచ్చారు. కాసేపట్లో అక్కడికే జనం. పోతన్న దూరంగా నిలబడి సూసి సూసి, ఏం కలిపిందో నానూ సూత్తాను అని వొచ్చాడంట. వొచ్చి ఆకుడొప్ప పట్టాడు. ముత్తేలు బుర్రతో పోసింది. తాగాడు. మళ్ళీ పట్టాడు. మళ్ళీ పోసింది. మూడోసారి పట్టి, నిండా ఏసీ అన్నాడంట.

దిసారి తాత పేర్లు సెప్పుకుంటూ వొచ్చి ముప్పై ఒకటీ అయి ఈ కుండ కాడ నిలబడ్డాడు. అప్పుడు సన్నాసమ్మ గబుక్కున ముందుకొచ్చి, తాతా, ఈ కల్లు ఒడకట్టింది మా కుండలో, మా సామాన్తో కాసింది మా ఇంటి కల్లే, దీనికి వేరే పేరు నేదు అందంట. నలుగురి ముందూ నాకిచ్చీసావు కదప్పా అంటే, ఓటికుండిచ్చాను గాని కల్లు కుండిచ్చానా అందంట. గెడ్డ కాడ నవ్విన ఆడోళ్ళు ఒక్కత్తీ నోరిప్పనేదు. పోతన్న కూడా మూతి తుడుసుకుని, అవును, మా ఇంటి కల్లే అన్నాడు.  మా అమ్మమ్మ ఇంత సేసీ, పోడు పోయినట్టే అనుకుందంట.

దిసారి తాత తొందరపడనేదు. పోతన్నా, నీ ఇంటి కుండలో కల్లు నువ్వెలగ తాగుతావు అన్నాడంట. ఎలగేటి, బుర్ర ముంచుకుని తాగుతాను అన్నాడు. మరి ఇందాక ఈ కుండ కాడ ఎలగ తాగావు అన్నాడు.  మీకు తెలుసు కదా, సొంత ఇంటి మనిషి బుర్ర తనే ముంచుకుంటాడు. డొప్ప రెండు సేతులా పట్టి పోయించుకునీది సుట్టమే. ఉగ్గుపాలతో నేర్సుకునీ మర్యాద అది, ఎంత తాగినా సెయ్యి తప్పదు. రెండు సేతులూ సాపి మూడు డొప్పలు పట్టావు, ఊరంతా సూసింది, ఈ ఇంటికి నువ్వు సుట్టానివి నాయనా, సుట్టపోడు కడుపునిండా తాగి ఇల్లు నాదంటాడేటి అన్నాడంట తాత. సన్నాసమ్మ, ఒక్క డొప్పతో ఆగలేవా, మూడు తాగాలా నీ కడుపు కాలా అని మొగుణ్ణి అక్కడే ఏసుకుంది. జనం ఒకటే నవ్వు. ఈసారి నవ్వింది ముత్తేలుని సూసి కాదు.

అప్పుడు తాత, ఇంటి పేరు ఏటని సెప్పమంటావమ్మా, గాసన్న పేరు సెప్పనా అని అడిగాడంట. మా అమ్మమ్మ, గాసన్న ఉంటే ఆయన పేరే, ఇప్పుడు కుండ పెట్టింది నాను, ముత్తేలు ఇల్లని సెప్పు తాతా అందంట. ముప్పై రెండు, ముత్తేలు ఇల్లు, అని కొండ అవతలకి ఇనబడీలాగ సెప్పాడంట. కొంగులో దోసెడు విత్తనం పడ్డాక గాని ఏడవనేదు. మొగుడు పోయిననాడు కూడా అంత ఏడవనేదంట, మా యమ్మ సెప్పీది.

ఇప్పుడు మన ఊరు నూరిళ్ళు దాటింది, పండగ నాడు వరస మాత్రం అదే. ముప్పై రెండో పేరు ముత్తేలు ఇల్లనే పిలుత్తారు. మా నానకీ ఆ పేరు మీనే విత్తనం ఇచ్చారు, నా మొగుడికీ ఆ పేరు మీనే ఇత్తన్నారు. ఆడదాని పేరు సెప్తే లేచెల్లి సెయ్యి సాపాలని ఆయనకి లోపల కాత్త మంటే. అదిగో, ఆ స్తంభం కాడ కూకుని ఏటీ ఇననట్టు బీడీ కాలుత్తున్నాడు, మొకం సూడండి. ఏం సేత్తాడు పాపం, ఈ ఏడు కూడా ఎల్లి రెండు సేతులూ సాపీ తెచ్చాడు.