తెర దాటిన ఇసుక

చెప్పేవారికి ఊపిరీ, వినేవారికి ఓపికా ఉండుగాక. ఇందులోని కోతలకు నేను పూచీపడను. భయానికి మాత్రం పడతాను.

పాత సినిమా హాలు వసారాలో ఒక మధ్యాహ్నం ముగ్గురు కూర్చున్నారు: రీళ్లు ఆడించే ఆపరేటరు, ఎదురు కొట్టు దర్జీ, హాలు ఊడ్చే ఆమె. గోడ మీద పోస్టరు ఇంకా తడి ఆరలేదు. ముప్పై ఏళ్ల నాటి ఎడారి సినిమా శుక్రవారం మళ్లీ ఆడబోతోంది.

“అది మామూలు బొమ్మ కాదు బావా,” అన్నాడు ఆపరేటరు, పోస్టరుకు వీపు పెట్టి. “అప్పట్లో ఇరవై రెండు వారాలు నేనే ఆడించా. మొదటి వారం కుర్చీల కింద చిటికెడు ఇసుక కనబడింది. చెప్పులతో వచ్చిందిలే అనుకున్నా. పదో వారానికి చీలమండల దాకా!”

“అంతేనా? మోకాళ్ల దాకా అనుకున్నానే,” అన్నాడు దర్జీ, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

“ఆగు, వస్తున్నా. తండ్రి కూతుర్ని భుజాన వేసుకుని బావి కోసం నడుస్తాడు చూడు, అక్కడ తెరలోంచి వడగాలి కొట్టేది, ముందు వరస ఆడవాళ్ల కొప్పులు ఊడిపోయేవి, ఒకాయన మీసం ఒక పక్క మాడిపోయింది, ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇరవై రెండో వారం తెర చీల్చుకుని ఇసుక కొండలా విరుచుకుపడింది, ఒంటెలు నడవలోకి దిగాయి, ఎనిమిది వందల మంది గొంతు దాకా కూరుకుపోయారు, నేను బొమ్మ ఆడించే పై గదిలోంచి దూకి ఒక్కొక్కర్నీ జుట్టు పట్టి లాగేశా!”

“మరి బట్టతలవాళ్లని?”

“చెవులు పట్టి! నవ్వకు బావా. ఆ ఇసుక మనిషి రుచి మరిగింది. శుక్రవారం నీ పిల్లల్ని పంపకు.”

చివరి మాట అంటూ అతను దర్జీ చెయ్యి పట్టుకున్నాడు. దర్జీ నవ్వు ఆగిపోయింది.

ఊడ్చే ఆమె చీపురు పక్కన పెట్టింది. “అన్నయ్యా, ఆ ఇసుక ఎత్తిపోసింది నేనే. రెండు బకెట్లు. పై గది గుమ్మం దగ్గర మంటలార్పడానికి వేలాడదీసిన ఎర్ర బకెట్లవి.”

ఆపరేటరు తల వంచుకున్నాడు.

“తెర మీద కూతురి చెయ్యి బావి గట్టుకు తగిలేది చూస్తూ, రీలు సంగతి మరిచావు. ఫిల్ము చుట్టుకునే కింది చక్రం ఆగిపోయింది. ఫిల్మంతా నేల మీద కుప్పపడి, దీపం వేడికి అంటుకుంది.”

“బొమ్మ మాత్రం ఆడుతూనే ఉంది చెల్లెమ్మా,” అన్నాడతను మెల్లగా. “పొగ హాల్లోకి దిగింది. పారిపొండని అరిచా. ఒక్కరూ లేవలేదు. ఆ పొగని ఇసుక తుఫాననుకున్నారు. దగ్గుతూ కూడా తెర వంకే చూశారు. ఆ బకెట్లు చాలకపోయి ఉంటే...”

అతను వెనక్కి తిరిగి పోస్టరు వంక చూశాడు.

“శుక్రవారం ఆ బావి మళ్లీ వస్తుంది. మళ్లీ చూస్తాను. చూడకుండా ఉండలేను. నాకు భయం ఇసుకంటే కాదు.”

“అయితే చూడు,” అందామె. “చక్రం నేను చూస్తా.”

శుక్రవారం హాలు నిండింది. బావి ఘట్టం వచ్చినప్పుడు కింద ఎవరో వెక్కి ఏడ్చారు. పైన ఆపరేటరు కిటికీకి కళ్లప్పగించాడు. ఆమె మాత్రం తెరకు వీపు పెట్టి, ఒళ్లో ఎర్ర బకెట్టుతో, తిరిగే చక్రాన్నే చూస్తూ కూర్చుంది. ఆ బావిలో నీళ్లున్నాయో లేదో ఆమెకు ఈనాటికీ తెలియదు.

ఈ కథ నాకు మొదట చెప్పింది ఆమే, మా అమ్మమ్మ.