ఆదివారం పొద్దున ఆగిపోయిన కడెంజా

అధ్యక్షులు డైరెక్టర్ ఎడెల్‌మోజర్ గారికి, ముందు వరుసలోని పెద్దలకు, తోటి వాద్యకారులకు, మనిషంత ఎత్తు తీగవాద్యం బేస్ వాయించే ఇగ్నాజ్ పొవోల్నీ నమస్కారం. తొమ్మిదేళ్లుగా మీరంతా నా వెనకాల నన్ను ‘తొందర ఇగ్నాజ్’ అంటున్నారని నాకు తెలుసు, నా ముందు అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. ఇవాళ వీడ్కోలని పిలిచి చేతిలో పూలగుత్తి పెట్టారు కాబట్టి ఆ మాట సంగతి తేల్చుకునే దిగుతాను. (నవ్వులు) నవ్వండి. నాకు నవ్వు రావడం లేదు.

నేను చదువుకున్నవాణ్ణి కాను. మా మేనమామ ద్రాక్షసారా కొట్లో బేస్ వాయిస్తుంటే పక్కన నిలబడి నేర్చుకున్నాను. ఒక్క మనిషికీ మొత్తం బృందానికీ మధ్య నడిచే ఈ కన్చెర్టో ఎలా పెరిగిందో మీరు పుస్తకాల్లో చదివారు, నేను వెనక వరుసలోంచి చూశాను. వివాల్డీ నాటివి వాయించేటప్పుడు నాకు భయం ఉండదు. ముందుకొచ్చేవాళ్లు మనలోంచే లేస్తారు, నాలుగు మాటలు చెప్పి మళ్లీ మనలోకే వస్తారు, తడబడితే పక్కవాడి మోచెయ్యి తగులుతుంది. మోజార్ట్ దగ్గరికి వచ్చేసరికి ఒక్క మనిషి పియానో ముందు కూర్చుంటాడు, చివర్లో మేమంతా ఆగిపోతాం, అతను అప్పటికప్పుడు తోచింది వాయిస్తాడు, అదే కడెంజా; అతని వేళ్లు రెండు స్వరాల మధ్య గబగబా ఊగాయంటే ‘ఇక రండి’ అని మాకు సైగ. అది వచ్చేదాకా విల్లు ఎత్తి పట్టుకుని ఊపిరి బిగబట్టాలి. బేతోవెన్‌కు చెవులు మందగించాక, తన ఆఖరి పియానో కన్చెర్టో వేరేవాళ్ల చేతికి పోయే రోజున, ఇక్కడ మీ సొంతం ఏమీ వద్దు, నేను రాసిందే వాయించండి అన్నాడు. పెద్దలు దాన్ని ఎదుగుదల అంటారు. నాకు అందులో భయమే వినబడుతుంది. ఆ తర్వాతి కాలంలో వాద్యబృందం కొండలా పెరిగింది, ఆ ఒక్క మనిషి వెళ్లి కొండను ఢీకొట్టాలి. గెలిస్తే పూలు. ఓడితే ఏమవుతుందో నేను చూశాను.

తొమ్మిదేళ్ల కిందట, ఆదివారం పొద్దుటి కచేరీ. మోజార్ట్. పియానో దగ్గర వాలెరీ డోర్నావర్, అప్పుడు చిన్నపిల్ల. కడెంజా తనే అల్లుకుంటానంది, అప్పట్లో మన హాల్లో అది ఆనవాయితీ. అల్లుకుంటూ చాలా దూరం వెళ్లింది, తిరిగొచ్చే దారి దొరకలేదు. చేతులు ఆగిపోయాయి. ఇంత పెద్ద హాలు, దగ్గు కూడా లేదు. మీరంతా అది కావాలని ఇచ్చిన విరామం అనుకున్నారు; నేను నిలబడే చోటునుంచి ఆమె మెడ కనబడుతుంది, మెడంతా చెమట. నా పక్కన బేస్ వాయించే కిలియాన్ నా చెవిలో, “బాబాయ్, అమ్మాయి మునిగిపోతోంది” అన్నాడు.

“నోర్మూసుకో” అన్నాను.

సైగ లేకుండా ఎవరూ తీగ మీద విల్లు ఆనించకూడదు. నేను ఆనించాను. ఒకే ఒక్క కింది స్వరం, ఆమె చేరాల్సిన ఇంటికి గడప లాంటిది, పట్టుకుని వదల్లేదు. ఆమె విన్నది. వేళ్లు ఊగాయి. మేమంతా కలిశాం.

మర్నాడు మీ గదిలో ఏమన్నారో గుర్తుందా డైరెక్టర్ గారూ? “ఏమయ్యా పెద్దాయనా, నిన్న పొద్దున్నే ఎంత పట్టించావు?” అన్నారు. నేను తాగనని కాదు, కచేరీ అయ్యాకే తాగుతాను. (నవ్వులు) వాలెరీ మీ ఎదుటే నిలబడి, “ఆయన తొందరపడలేదండీ, నేనే దారి తప్పాను” అని చెప్పింది. మీరేం చేశారు? తొందర నా నెత్తిన రుద్దారు, కడెంజా ముందే రాసివ్వనివాళ్లు ఈ వేదిక ఎక్కకూడదని నియమం పెట్టారు, ఆ అమ్మాయిని మళ్లీ పిలవలేదు.

పోయిన నెల కూరగాయల సంతలో కనబడింది. “వాయిస్తున్నావా తల్లీ?” అన్నాను.

“పిల్లలకి పాఠాలు చెప్తున్నా బాబాయ్.”

“నేనడిగింది అది కాదు.”

“రాసింది చూస్తే చేతులాడతాయి. సొంతంగా మొదలుపెట్టానా, ఆ నిశ్శబ్దం వినబడుతుంది.”

“మళ్లీ కూర్చుంటావా?”

చాలాసేపు ముల్లంగి ఏరింది. “వెనకాల మీరుంటే కూర్చుంటా” అంది.

నా ఆఖరి కచేరీ క్రిస్మస్‌కు ముందొచ్చే అడ్వెంట్ మొదటి ఆదివారం. ఆ తర్వాత ఆమె వెనకాల నేను ఉండను. అందుకే ఇవాళ నాకు సన్మానం వద్దు. ఆ ఒక్క రోజు ఆ నియమం తీసేసి ఆమెను పిలవండి. మా ఆవిడ హెర్మీన్ ఏమందో తెలుసా? “ఈ వయసులో మళ్లీ నవ్వులపాలవుతావా, నీ కుడి చెవి సగం పోయిందని వాళ్లకు చెప్పావా?” అంది. చెబుతున్నాను. పోయింది. వాలెరీ మళ్లీ దారి తప్పితే ఈసారి నాకు వినబడుతుందో లేదో తెలియదు. వారం రోజులుగా నిద్ర లేదు. అయినా అడుగుతున్నాను, ఎందుకంటే ఆమెకు నాకన్నా ఎక్కువ భయంగా ఉంది, అయినా వచ్చి అదిగో తలుపు పక్కన కోటైనా విప్పకుండా నిలబడింది.

డైరెక్టర్ గారూ, నవంబరు పదకొండు, మార్టిన్ పండుగ సాయంత్రం లోపల నాకు జవాబు కావాలి. సెక్రటరీతో కబురు పంపితే ఒప్పుకోను. అవునంటే నాకు చెప్పండి చాలు. కాదంటే మాత్రం ఎందుకు కాదో ఆమె ముఖం చూసి చెప్పాలి.

వచ్చినవాళ్లకు, ఓపికపట్టినవాళ్లకు, మొహం మాడ్చుకున్నవాళ్లకు కూడా కృతజ్ఞతలు. మార్టిన్ పండుగ దాకానే సెలవు.