కొల్లప్ప చేపల సుకుమారం

కోతలు కోసేవాడికి ఒక అరుగు కావాలి, పనిలేని చెవులు కావాలి. మూడేండ్లుగా వాన మొహం చాటేసిన మా నిడుగల్లు కొండ కింద దేనికి కరువున్నా చెవులకు మాత్రం లేదు. నాగళ్ళు చూరు కింద, మనుషులు అరుగుల మీద. అరుగంటే కొల్లప్ప అరుగే. నేనూ వాడూ అనంతపురంలో ఒకే గదిలో ఉండి కాలేజీకి పోయాము. నేను చదివాను, వాడు మాట్లాడాడు. ఆ గది యజమాని, ఆయన పెంచిన కోడిపుంజు, అదొక కథ, ఇప్పుడొద్దు. నేను బడిపంతులునై ఊరికి తిరిగొచ్చాను. అందరూ మేష్ట్రు అంటారు. కొల్లప్ప ఊరికే తిరిగొచ్చాడు.

ఆ పొద్దున అరుగు కింద ఓబక్క కూర్చుని ఉంది. ఆమెది గొర్రెల మంద. చేనికి ఎరువు కావాలంటే మా వైపు మందను ఒక రాత్రి చేనులో ఆపించుకుంటారు. పెంటికలు చేనికి, బదులుగా మందకు ఏదో ఒకటి. కరువులో ఆ ఏదో ఒకటి నీళ్ళే. "మంద ఆపు ఓబక్కా, తెల్లారి నా బావిలో తాపుకో" అని మాట ఇచ్చింది కొల్లప్పే. మంద ఆగింది, పెంటికలు రాలాయి, తెల్లారింది. ఇప్పుడు గొర్రెలు వీధిలో నాలుకలు వేలాడేసుకుని నిలబడితే, వాడు బావికి కంప అడ్డం పెట్టి, చేపలున్నాయి అంటాడు.

చేపలున్న మాట నిజం. ఆ ఏడు సర్కారు చేపల ఇలాఖా వాళ్ళు బావులున్న రైతులను పిలిచి, ఒక పూట పాఠం చెప్పి, ప్లాస్టిక్ సంచుల్లో చేపపిల్లలు ఇచ్చి పంపారు. కొల్లప్ప బావి అడుగున ఇంకా నిలువులోతు నీళ్ళున్నాయి. మంద తాగినా చేపలకు మిగులుతాయి.

"నీళ్ళియ్యనని ఎవురన్నారు ఓబక్కా?" అని మొదలుపెట్టాడు. "నాకేం, చేదుకో. కానీ చేపలకి స్ట్రెస్ అయితాది. స్ట్రెస్ అంటే మీకు తెలీదు, మన మేష్ట్రుకి తెలుసు. మనసుకి కలిగే నలత. ఆ ఆఫీసరు ఏం చెప్పినాడు? చేపని పొడి చేత్తో ముట్టొద్దు, ఒంటిమీది జిగురు పోతాది. సంచిలోవి బళక్కన బావిలో పొయ్యొద్దు, సంచితోనే కాసేపు తేలనిచ్చి ఆ నీళ్ళకి అలవాటు చెయ్యల్ల. ఇరుకు చెయ్యొద్దు, గలాటా చెయ్యొద్దు. అందరూ విన్నారు. నేను చేసినా. అదీ తేడా."

అంతవరకూ నిజమే. కొల్లప్ప కథ ఊరు దాటేదాకా బండిబాట మీదే పోతుంది.

"సంచి ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కినా. పావగడ దాటినంక అన్నీ గుంతలే గదా, ఒక్కో గుంతకీ పిల్లలు ఉలిక్కిపడేవి. నేనేం చేసినానో తెలుసా? 'నిదానంగా తోలప్పా, ఒళ్ళో చంటిబిడ్డలుండారు' అన్నా డ్రైవరుతో. నా గొంతు విని వాడికి కండ్లల్లో నీళ్ళొచ్చేసినాయి. ఇంజను శబ్దం గూడా బిడ్డలకి పడదని బండి ఆపేసి, జనాన్నంతా దించి, ఊరిదాకా తోయించినాడు!"

"నేనూ తోసినా గదన్నా," అన్నాడు పక్కింటి ఎర్రప్ప. "డీజిల్ అయిపోయింది గదా ఆ పొద్దు?"

"ఎందుకైపోయింది? అది అడుగు!"

ఎర్రప్ప అడిగేలోపే కథ బస్సు దిగి బావికి చేరింది.

"బావిలో వదిలినంక కొత్తచోటు గదా, దిగులుపడి తిండి ముట్టలేదు. అవి తినేదాకా నేనూ తినకుండా మెట్ల మీదే కూర్చున్నా."

"సంగటి ముద్ద మీద ముద్ద పంపించుకున్నాడు," అంది ఇంట్లోంచి భార్య నల్లమ్మ.

"అది చేపల కోసం తిన్నా! నేను నీరసపడితే చూసి అవి బాధపడవా? ఇంక విను. ఎండ తగలకుండా బావి మీద చప్పరం ఏసినా. ఏళకి శెనక్కాయ చెక్క. కాకి నీడ పడితే బెదురుతాయని కాకులకి నచ్చజెప్పినా. ఇప్పుడు అవి కొండ చుట్టూ తిరిగి పోతాయి. చూడండప్పా, ఈడ ఒక్క కాకి ఉండాదా?"

లేదు. ఎంగిలి మెతుకు లేని ఊళ్ళో కాకి ఎందుకుంటుంది?

"అందుకే మా ఇంట్లో గూడా ఆ బావిలో బక్కెట ముంచం."

నల్లమ్మ ఖాళీ బిందె చంకన పెట్టుకుని గడప దాటి వచ్చింది. "ముంచం," అంది. "నేను పక్కూరి బోరింగు కాడికి పోతా. చేపలకి నా గాజుల శబ్దం పడదంట."

కొల్లప్ప ఒక్కడే తల ఊపాడు. "సుకుమారాలు!"

వీధిలో ఒక గొర్రె ముందుకాళ్ళు మడిచి కూలబడింది. ఓబక్క దాన్ని చూసింది. ఇక తిట్లు మొదలవుతాయనుకున్నాను. ఓబక్క తిట్లు వినడానికి తిరుమణి నుంచి కూడా జనం వస్తారని పేరు. కానీ ఆమె గొంతు వెన్నలా ఉంది.

"అంత సుకుమారంగా సాకితే బాగా ఎదిగింటాయేమో గదన్నా?"

"ఎదిగేదేంది! పెద్ద కట్ల చేప ఒకటుండాది, బావిలో అది మళ్ళుకోవల్లంటే మిగతావి మెట్లెక్కి దోవ ఇయ్యల్ల."

"ఇరుకైతాదే పాపం. ఇరుకు చెయ్యొద్దన్నాడు గదా ఆఫీసరు?"

"ఆ! అదీ ప్రశ్నంటే! అందుకే షికారుకి తీసుకుపోతా."

"యాడికి?"

"గట్టు మీదికి."

"నీళ్ళల్లోంచి బయటికా?" ఓబక్క చెంప మీద చెయ్యేసుకుంది.

"మొదట్లో తడిచేత్తో ఎత్తుకుని, కొంచెం సేపు. కొత్తనీళ్ళు అలవాటు చేసినట్లే గాలి గూడా అలవాటు చేసినా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పెద్దది రెక్కలు నేలకి ఆనించి నడిచేసింది! ముందర అది, ఎనక మిగతావి, మన మేష్ట్రు బడిపిల్లోళ్ళ మాదిరి వరస. చేనంతా చుట్టేసి, శెనక్కాయ చెట్లు పీకి, కాయలొలిచి తిని, పొట్టు ఒక పక్క కుప్ప పెడతాయి."

"మన చేండ్లల్లో మూడేండ్లుగా చెట్టే లేదు గదన్నా?" అన్నాడు ఎర్రప్ప.

"అవి తినేస్తే యాడుంటాది?"

ఓబక్క కొంచెం ముందుకు జరిగింది.

"ఎండకి తాళతాయా అన్నా?"

"ఎండా! పోయిన శనివారం శనేశ్వరుని గుడికని పావగడకి పోయినానా, పెద్దదానికి నా మీద బెంగ పుట్టింది. నడిచొచ్చేసింది! నేను దర్శనం చేసుకుని బయటికొచ్చేసరికి గుడి ముందర నా చెప్పులకి కాపలా కాస్తా ఉండాది."

"అంత దూరమా! దోవలో దప్పి కాలేదా దానికి?"

"దప్పా? చెంబుతో నీళ్ళిస్తే తల అడ్డంగా ఊపింది. ఇప్పుడు వాటికి బావిలోకి దిగమంటేనే స్ట్రెస్ ఓబక్కా. చెమ్మ పడదు, జలుబు చేస్తాది. ఇంట్లో అటక మీద పండుకుంటాయి."

"నీళ్ళు అసలు ముట్టవా?"

"చుక్క ముట్టవు!" కొల్లప్ప తొడ చరిచాడు.

ఓబక్క లేచింది. కొంగు నడుముకు దోపింది. "ఎర్రప్పా, విన్నావా? మేష్ట్రూ, నువ్వూ విన్నావు గదా?"

విన్నామన్నాం.

"చేపలకి ఇంక నీళ్ళు అక్కర్లేదంట, అన్న నోటితోనే చెప్పినాడు. నా గొర్రెలకి అంత ట్రైనింగు లేదన్నా. వాటికి నీళ్ళు కావల్ల."

కొల్లప్ప నోరు తెరిచాడు. మాట రాలేదు. అనంతపురం గదిలో కూడా నేను ఆ వింత చూడలేదు.

నల్లమ్మ ఇంట్లోకి పోయి చేంతాడు తెచ్చి ఓబక్క చేతికిచ్చింది. "అటక మీద చేపలేమీ లేవు ఓబక్కా, ఇదొక్కటే ఉండాది."

కంప పక్కకు లాగడానికి ఎర్రప్ప ముందు నడిచాడు. మొదటి బక్కెట రాతితొట్టిలో పడీ పడకముందే మంద ముసురుకుంది. నల్లమ్మ తన బిందె కూడా తెచ్చి వరసలో పెట్టింది. ఇంకో బక్కెట కుమ్మరించగానే తొట్టిలో ఏదో తళుక్కుమంది. వేలెడంత చేపపిల్ల. కొల్లప్ప పెద్ద కట్ల అదే కాబోలు.

"అయ్యో, గొర్రె తొక్కుతాది! చస్తాదే!" పంచె ఎగ్గట్టి పరుగెత్తుకొచ్చాడు కొల్లప్ప. గొర్రెల మధ్య దూరి, రెండు చేతులూ నీళ్ళలో తడుపుకుని, దోసిట్లో దాన్ని ఎత్తుకుని, "ఏం లేదు నాయనా, ఏం లేదు" అంటూ బావి మెట్లు దిగబోయాడు.

ఓబక్క తాడు లాగుతూనే అంది:

"కంగారెందుకన్నా, షికారుకొచ్చినట్టుండాది. నేలమీద దించు, నడుచుకుంటా పోతాది."